అవ్వ తూకం

కరీంనగర్,
8 డిసెంబర్ 1963

ప్రియమైన నర్మదకు వదిన రాయునది.

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. జవాబుకు కూర్చున్నప్పుడల్లా మంచి మాట ఒకటైనా ఉండాలి కదా అని ఆగిపోతున్నాను. ఈ రోజు కూడా లేదు. అయినా రాస్తున్నాను. నాకు అత్తమ్మ కాకముందే ఆమె నీకు అవ్వ, కన్నతల్లి.

కార్తీకంలో వచ్చిన జ్వరం పోయింది గాని, పోతూ పోతూ ఆకలిని వెంట తీసుకపోయింది. జొన్న గట్క కలిపి పెడితే రెండు వేళ్లతో తాకి గిన్నె పక్కకు జరుపుతుంది. మజ్జిగ పోస్తే "పులిసింది" అంటుంది, పాలు పోస్తే "నేనేమన్న పసిపోరినా" అంటుంది. డాక్టరు కొత్త మందేమీ రాయలేదు. "తింటే లేస్తుంది, తినకపోతే నేనేం చేయలేను" అన్నాడు, అంతే.

మొన్న ముద్ద చేసి నోటిదాకా తీసుకపోయినాను. నా చెయ్యి పట్టుకొని కిందికి దించింది. "నూలు కండెలు చుట్టి నలుగుర్ని సాకిన చేతులివి. ఇంకొకల చేత తినేటి రాత నాకు లేదు" అన్నది. చొప్పదండిలో మన మగ్గం ఆగి ఏండ్లయింది. ఆ చేతుల పొగరు మాత్రం ఆగలేదు.

మీ అన్న ఉట్నూర్ అడవి కొలువు నుంచి నెలకొకసారి, జీపు దొరికినప్పుడు వస్తున్నారు. "అవ్వా, జర తినే" అని ఆమెతో ఒక మాట, నా దిక్కు ఒక చూపు. పొద్దున్నే ఉడుకునీళ్లు పోసి, గొంగడి కప్పి, కుంపటి పక్కన కూర్చోబెట్టి నేను బడికి పోతాను. పగలంతా పక్కింటి సుల్తాన్ బీ చూసుకుంటుంది. ఈ వానకాలం నుంచి ఆడపిల్లల బడికి నన్ను పెద్ద పంతులమ్మను చేసినారు కదా, గంట కొట్టకముందే అక్కడ ఉండాలి.

ఆ సంగతి అత్తమ్మ నన్ను మరిచిపోనివ్వదు. ఇంకొక గడియ ఆమె దగ్గర కూర్చుందామనుకుంటే "లే పంతులమ్మా, లే. నీ కుర్సీ నీకోసం చూస్తుంటది" అంటుంది. సాయంత్రం గడపలో కాలు పెట్టగానే "ఇయ్యాల కుర్సీల కూసున్నవా? ఎవలన్న గుంజుకున్నరా?" అని అడుగుతుంది. రోజూ ఇదే ప్రశ్న. ముసలమ్మను పొరుగింటికి అప్పజెప్పి కుర్సీ ఎక్కినవని అనకుండా అనడం అది. హైదరాబాదు పోయి బీఏ చదివి వచ్చిన దాన్ని, ఒక ముసలామెకు నాలుగు ముద్దలు తినిపించలేకపోతున్నాను. ఆ చదువు ఎందుకు పనికొచ్చినట్టు?

నువ్వైతే ఏం చేస్తావో దాచకుండా రాయి.

ప్రేమతో,
నీ వదిన అనసూర్య

*

బెల్లంపల్లి,
17 డిసెంబర్

వదినకు నర్మద దండాలు.

నువ్వైతే ఏం జేస్తవని అడిగినవు. నేనైతే బడికి పోకపోదును. కోపం జెయ్యకు, అడిగినవు గాబట్టి చెప్పిన.

మా అవ్వ ఎట్లాంటి మనిషి! నడుస్తుంటె మగ్గం గుంట అదిరేది. మేం ఇడిచిపెట్టిన గిన్నె గీకి తినేది, తిని నవ్వేది. గసొంటి మనిషి తింటలేదంటె నోటికి రుచి లేక కాదు వదినా, పక్కన మనిషి లేక. సుల్తాన్ బీ మంచిదే. కని పక్కింటామె పక్కింటామెనే గద.

మా బొగ్గుబాయి క్వార్టర్ల బొగ్గుకు కరువు లేదు. పొద్దుమూకి పొయ్యి అంటిస్తె తెల్లారేదాక అర్ర ఉడుకుతది. మీ కుంపటి అవ్వ అరచేతులకైన సాలుతదా? మా ఇంటాయన షిఫ్టు దిగొచ్చి, మొకం గూడ కడుక్కోకముందే, "మీ అవ్వను తోలుకరా పో" అన్నడు. శివరాత్రికి వస్త, తోలుకపోత.

లేకుంటె నువ్వు బడి ఇడువు. ఒక్క మనిషి రెండు మగ్గాలు నేస్తదా? నువ్వు చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాల్నా.

నీ ఆడబిడ్డ,
నర్మద

నువ్వన్న తింటున్నవా? గది రాయవైతివి.

*

కరీంనగర్,
19 జనవరి 1964

ప్రియమైన నర్మదా,

నీ మాట సంగతి చివర్లో రాస్తాను. ముందు మంచి కబురు. అత్తమ్మ తింటున్నది!

పోయిన ఆదివారం తలకు పోసి, జుట్టు ఆరబెట్టడానికి ఎండలోకి తీసుకపోదామని రెండు చేతులా లేపినాను. నా బలమెంత? అయినా పసిపిల్లలాగ లేచి వచ్చింది. భయమేసి నోరు జారినాను. "అత్తమ్మా, ఎంత తేలికైపోయినవు!"

ఆమె మొహం మారిపోయింది. "తేలికైననా? ఎంత తేలిక?"

"నేను ఎత్తగలిగినంత."

"అట్లయితె నడువదు. వేములవాడ రాజన్నకు శివరాత్రికి నా నిలువెత్తు బెల్లం ఇస్తనని మొక్కిన. మొక్కిననాడు నేనెట్లుంటి? గప్పటి బరువు మొక్కి, గిప్పటి ఈ పుల్లల బరువు తూగి వస్తె దేవుని మోసం జేసినట్టు గాదా? గట్క తే."

తెచ్చినాను. గిన్నె ఖాళీ చేసి "గింతేనా?" అన్నది.

అప్పటినుంచి మా పొయ్యికి తెరపి లేదు. పొద్దున గట్క, పగలు సుల్తాన్ బీ ఇంటి ఖిచిడీ, సాయంత్రం నువ్వులుండలు. ఆకలితో కాదు నర్మదా, బస్తాలో వడ్లు కుక్కినట్టు తింటున్నది. నిన్న సుల్తాన్ బీ భయపడి "అమ్మా, జర ఆహిస్తా, మెల్లగ!" అంటే, "శివరాత్రి ఆహిస్తా వస్తదా సుల్తాన్ బీ? ఇంకేమన్న ఉంటె పెట్టు" అన్నది. సుల్తాన్ బీ నవ్వి గుడ్డు ఉడికించి తెచ్చింది. రోజూ సాయంత్రం నా చేత ఎత్తించుకుంటుంది. "బరువే" అంటే సంతోషం. ఒక రోజు ఆమెను మెప్పిద్దామని కొంచెం మూలిగినాను. "దొంగ మూలుగు మూలుగకు, పంతులమ్మా" అన్నది.

మొక్కు దేనికంటే మాత్రం చెప్పదు. తీరకముందు బయటపెడితే చెడుతుందట. తన బదిలీ కోసమేనని మీ అన్న నమ్మకం. కొడుకు అడవి నుంచి ఇంటికి రావాలని తల్లి మొక్కిందని పోయినసారి కండ్లు తుడుచుకున్నారు. బదిలీ కానే కాలేదు కదా, కానిదానికి మొక్కెట్ల తీరుస్తుందని నేను అనలేదు.

ఇక నీ మాట. ఆమె తింటున్నది నా సేవ వల్ల కాదు, దేవుడికిచ్చిన మాట వల్ల. ఆ మాట తీరినాక ఎందుకు తింటుంది? ఈ భయం బడిలో కూడా నన్ను వదలడం లేదు. మొన్న పాఠం మధ్యలో ఆగిపోతే ఒక పిల్ల లేచి "టీచర్, ఒంట్లో బాగలేదా?" అని అడిగింది.

అందుకే నిశ్చయించుకున్నాను. పెద్ద పంతులమ్మ పని వదులుకుంటాను. మామూలు టీచరుగా ఉంటే మధ్యాహ్నం ఇంటికి రావచ్చు, ఆమె పక్కన కూర్చొని తినవచ్చు. శివరాత్రి మరునాడు ఇన్‌స్పెక్షన్ ఉన్నది. వచ్చే అధికారి చేతికే కాగితం ఇస్తాను. అత్తమ్మకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఇన్‌స్పెక్షన్ పనులు వదిలి నేను వేములవాడకు రాలేను. ఆమెను నువ్వే తీసుకపోవాలి.

నీ మాటే నిజమైంది. ఒక్క మనిషి రెండు మగ్గాలు నేయదు.

నీ వదిన,
అనసూర్య

*

బెల్లంపల్లి,
27 జనవరి

వదినకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. బడి పెద్దరికం ఇడుస్తున్నవంటె సంతోషమైంది, అబద్ధమెందుకు. అట్లయితె అవ్వ నీ కాడనే ఉండని, నేను అడ్డం రాను. కని ఉత్తరం మడిచి పెట్టినంక మనసుల ఏదో కలుక్కుమన్నది. ఏందో సమజ్ గాలే.

అన్నకు చెప్పు, బదిలీ లేదు గిదిలీ లేదు, కండ్లు తుడుసుకొమ్మని. మొక్కు మా పోరని కోసం! వాడు మెట్రిక్ తప్పితె అవ్వ ఎంత ఏడ్చింది? పోయినేడు పాసైండా లేదా? గదే మొక్కు. అడిగితె చెప్పదు గని నాకెరికే.

శివరాత్రి ముందటి దినం వస్త. అవ్వకు ఇంకింత పెట్టు.

నర్మద

*

(బట్టల మూటలో పెట్టిన చీటి)

నర్మదా,

నువ్వు వచ్చి రెండు గడియలైనా కాలేదు, అప్పుడే బస్సు వేళయింది. ఆమె ముందర చెప్పలేనివి రాసి పెడుతున్నాను.

చలికి కుడి మోకాలు పట్టేస్తుంది, అడగదు. నువ్వుల నూనె సీసా మూట అడుగున ఉన్నది. గొంగడి గొంతు దాకా కప్పితే తీసేస్తుంది, కన్ను మూతపడినాక కప్పు. నడిచేటప్పుడు చెయ్యి పట్టుకోకు, పక్కనే నడువు. ఎంత తిన్నా పాత మనిషి కాలేదు. తక్కెడ దగ్గర ఎవరన్నా నవ్వితే ఆమె తల వంచనివ్వకు. నాకున్న ఫికరంతా అదే.

మొక్కు తీరినాక ఇటే తీసుకరా. మీరు తిరిగొచ్చేసరికి నేను మామూలు పంతులమ్మనై ఉంటాను. రోజూ అడిగే ఆ ప్రశ్న ఇక అడగదేమో.

అ.

*

వేములవాడ,
శివరాత్రి తెల్లారి

వదినకు,

మీ సుల్తాన్ బీ కొడుకు ఫజలుద్దీన్ మొదటి బస్సుకు కండక్టరుగ పోతుండు. బస్సు ఇంజను కొట్టుకుంటున్నది, నేను రాస్తున్న. మొదలు ఒక్క మాట. గా కాగితం ఇయ్యకు! ఇచ్చినవంటె నేను తూగిన తూకం దండుగ. ఇగ సంగతి ఇను.

నిన్న తానాలు జేసి, వరుసల నిలబడి, తక్కెడ కాడికి పోయేసరికి మిట్టమధ్యాన్నమైంది. కాళ్లకు కడియాలు, మెడల గుండ్ల దండ, మీద గొంగడి. "గొంగడి తియ్యవే అవ్వా, ఉడుకపోస్తది" అంటె "బరువుంటది, ఉండనీ" అన్నది. గంత మందిల నా భుజం పట్టుకోలే. తనే పోయి పల్లెంల కూసున్నది, దొరసాని లెక్క.

మొక్కిననాటి అంచనాకు రెండు గంపల బెల్లం కొనిపించింది గద. ఒక్క గంప పెట్టంగనే అవ్వ పిట్ట లెక్క పైకి లేసింది. తూకం పట్టెటాయన "సరిపోయిందవ్వా, దిగు" అన్నడు. అవ్వ దిగలే.

"ఎట్ల సరిపోతది? గా రెండో గంప ఎవలకు తెచ్చిన? పెట్టు."

"పెడితె నువ్వు ఇంకా మీదికే పోతవవ్వా, తూగదు."

ఎనుక జనం లొల్లి. ఒకామె కిసుక్కుమని నవ్వింది. నీ చీటి యాదికొచ్చి నేను తక్కెడకు దగ్గరగ జరిగిన. అవ్వ తల వంచలే. నా దిక్కు చూసి "నర్మదా, వచ్చి కూసో" అన్నది.

"నేనెందుకే?"

"నా కడుపుల నుంచే వచ్చినవు. నువ్వు నా బరువే. కూసో."

గంత మంది ముంగట! బెల్లంపల్లిల నేను తిన్నదంత ఒక్కపారే యాదికొచ్చింది. కూసున్న. పల్లెం దబ్బున నేలకు తాకింది. రెండో గంప పెట్టినా లేవలే. జనం నవ్వుడు, నేను కొంగు నోట్ల కుక్కుకునుడు. దుకాణానికి పోయి మూడో గంప తెచ్చిండ్రు. అవ్వకేం ఫికర్ లేదు. "ఎక్కువైతె ఎక్కువాయె. తక్కువ మాత్రం నేనియ్య" అన్నది.

ముల్లు నిలబడ్డంక గాయన "మొక్కేందో చెప్పవ్వా" అన్నడు. మా పోరని పేరొస్తదని నేను చెవులు నిక్కబెట్టిన. అవ్వ గొంతెత్తింది, వరుసల ఉన్నోళ్లందరికి ఇనపడెటట్టు.

"మా కోడలు అనసూర్య. మగ్గం నేసె సాలోళ్లింటి కోడలు. బడికి పెద్ద పంతులమ్మ గావాలని మొక్కిన. అయ్యింది!"

వదినా, పల్లెంల కూసున్నది నేను, పేరేమొ నీది! ఓర్వలేకపోయిన, నిజం జెప్త. దిగంగనే అడిగిన, "మరి మా పోరడో?" అని.

"వాడు పాసయితడని నాకెరికే, మొక్కెందుకు?" అన్నది. "గీమె పట్నం పోయి చదువుతుంటె చొప్పదండి అంత నవ్వింది. మగ్గం గుంటల నుంచి మీ కోడలు కుర్సీ ఎక్కుతదా శంకరవ్వా అన్నరు. ఎక్కుతది అన్న. అని, గప్పుడే మొక్కిన. రోజు పొద్దుమూకి అడుగుత, కుర్సీల కూసున్నవా అని. ఔనంటది. గామాటకు నాకు సగం కడుపు నిండుతది."

నువ్వు గది ఎత్తిపొడుపనుకున్నవు. నేను సుత అట్లనే అనుకున్న. ఇద్దరం పరాయోళ్ల లెక్క అనుకున్నం. మనసుల కలుక్కుమన్నదేందో నిన్న సమజైంది. మా ఇంట్ల ఒక్క మనిషి కుర్సీ ఎక్కింది, దించెటోళ్లల నేను ముంగటున్న.

కాగితం సంగతి అవ్వకు చెప్పలే. చెప్తె మళ్ల గుళ్లెకు పోయి బెల్లం వాపసు అడుగుతది.

ఒక్క మనిషి రెండు మగ్గాలు నెయ్యదని అన్నది నేనే. ఇద్దరుంటె నేస్తరు. ఎండకాలం సెలవుల దాక మీ ఇంట్లనే ఉంట. మా ఇంటాయన, పోరడు వండుకొని తింటరు. రాకుంటె మాడ్చుకొని తింటరు. ఇయ్యాల అవ్వ ఇక్కడ్నే నిద్ర జేస్తనన్నది, రేపు వస్తం.

బెల్లం పంపుతున్న. బడి పిల్లలందరికి పెట్టాల్నట, నువ్వు కుర్సీల కూసోని పెట్టాల్నట. అవ్వ మాట. బస్సు కదులుతున్నదని ఫజలుద్దీన్ ఒర్రుతుండు.

నీ కోసం తూగిన
నర్మద

*

కరీంనగర్,
అదే రోజు

ప్రియమైన నర్మదా,

ఫజలుద్దీన్ బస్సు దిగి నేరుగా బడికే వచ్చినాడు. సాయంత్రం బస్సుకు మళ్లీ అటు పోతాడట, అందుకే ఈ నాలుగు ముక్కలు.

అధికారి నా గదిలోనే ఉన్నారు. కాగితం బల్ల మీద బోర్లించి ఉన్నది. నీ ఉత్తరం నిలబడే చదివినాను. చదివి ఆ కాగితం మీదే బెల్లం పెట్టి పగులగొట్టినాను. ఆయన ఆశ్చర్యపోయి "ఏమిటమ్మా ఇది?" అన్నారు. "మా అత్తమ్మ మొక్కు తీర్చుకున్నదండీ. ఆమె కోడలు పెద్ద పంతులమ్మ అయినందుకు" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే చెప్పుకోవలసి వచ్చింది చూడు! ఆయనా ఒక ముక్క తీసుకున్నారు.

పిల్లలకు కుర్సీలో కూర్చునే పంచినాను. ఆ కుర్సీకి నేను తగుదునా అనే అనుమానం ఇంకా పోలేదు, నా గుణం నీకు తెలిసిందే. కాని మూడు గంపల బెల్లం ముందు నా అనుమానం ఎంత తూగుతుంది?

మూడో గంప నిండా పట్టిందా, సగమేనా? అది రాయలేదు నువ్వు. బెల్లంపల్లిలో మీ ఆయనకు ఉత్తరం రాయాలి, చెప్పు. నా చీర ఒకటి నీకోసం తీసి పెట్టినాను, పడుతుందో లేదో మరి. నీళ్లు కాగబెట్టి ఉంచుతాను.

అత్తమ్మ లేవగానే ఆమె చెవిలో ఈ మాట వెయ్యి. రేపు ఇంటికి వచ్చేదాకా ఆగలేను.

ఇయ్యాల కుర్సీల కూసున్న. ఎవలు గుంజుకోలే.

నీ వదిన,
అనసూర్య