ఆయన పేరున్న జాతి

ప్రియమైన అక్కకి,

బావని తీసుకుపోయింది క్షయ క్రిమి కాదు. ఆయన కఫంలోంచి మా ల్యాబులో పెంచిన బ్యాక్టీరియా జన్యుక్రమం మొత్తం చదివాం. తెలిసిన ఏ జాతితోనూ కలవలేదు. ఇది కొత్త జాతి. బావ రాళ్లు కోసే షెడ్డులో, రంపం మీద చిమ్మే నీళ్లలోనూ అదే దొరికింది. అందుకే క్షయ మందులన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. అది లొంగే మందు ఏ షాపులోనైనా దొరికేదే. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

కనిపెట్టినవాళ్లే జాతికి పేరు పెట్టాలి. బావ పేరు పెడదామని ఉంది. నువ్వు సరేనంటేనే.

నీ చెల్లి

చిన్నికి,

పెట్టవే. షెడ్డు హాజరు బోర్డు మీద ఆయన పేరు చెరిపి అప్పుడే ఇంకొకరిది రాసేశారు. ఎక్కడో ఒకచోట ఉండనీ. అత్తయ్యకి చెప్తే, “నా కొడుకు పేరు పుస్తకాల్లోకెక్కుతుందా!” అని మురిసిపోయింది.

మీ అక్క

చిన్నీ,

నువ్వు పంపిన పత్రిక అందింది. ఆ పేరు తీసెయ్. నిన్న అత్తయ్యకి కళ్లు చూపించడానికి ఆసుపత్రికి వెళ్లాం. వరండాలో డాక్టరు ఆయన పేరు పలికి, “ఇది మహా మొండిది, ఊపిరితిత్తుల్ని తినేస్తుంది” అని నర్సుతో అంటున్నాడు. అత్తయ్య అక్కడే కూలబడింది. “నా కొడుకు ఎవరి జోలికి పోయాడే?” అని ఒకటే ఏడుపు. చీమకైనా అపకారం చెయ్యని మనిషి. నీకు పుణ్యముంటుంది, పీకెయ్.

అక్క

అక్కా,

మా పెద్దసారు కాళ్లావేళ్లా పడ్డాను. అచ్చయిన పేరు మార్చరట, పెట్టినవాళ్లే అడిగినా సరే. గౌరవం అనుకున్నానే తప్ప, ఆసుపత్రుల్లో డాక్టర్ల నోట ఎలా వినబడుతుందో నాకు తట్టలేదు. నన్ను నోరారా తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ చిన్ని

చిన్నీ,

ఇన్నాళ్లూ రాయబుద్ధి కాలేదు. నిన్న షెడ్డు మేస్త్రీ భార్య వచ్చింది. మేస్త్రీకీ అదే దగ్గట. రిపోర్టులో ఈ పేరు రాగానే డాక్టరు సరైన మందు మొదలుపెట్టాడట. ఇప్పుడు లేచి తిరుగుతున్నాడట. “మీ ఆయనే మా ఆయన్ని బతికించాడక్కా” అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. మంచిదమ్మా అన్నాను.

నువ్వు మంచి పనే చేశావు, కాదనను. కానీ దానికి ముందే ఇంకెవరి మొగుడి పేరో పెట్టి ఉంటే, నా మనిషి నాకు దక్కేవాడు కదే.

మీ అక్క