నేత్రావతిని గుత్తకిచ్చే కరారు

రాయచెర్లు, పావగడ తాలూకా
జులై 3

విద్యుల్లత సాంకేతిక విశ్వవిద్యాలయం అడ్మిషన్ ఆఫీసు పెద్దసారుకు,

రాయచెర్లు పాపన్న నమస్కారాలు. మేము ఈడ క్షేమము, మీరు ఆడ క్షేమమని తలుస్తాము అని మొదట రాయల్లంట, వెంకటక్క చెప్తాంది. నేను క్షేమంగా లేను. మండిపోతాండాను.

మా పాప నేత్రావతికి బి.టెక్ ఎలక్ట్రికల్లో, సౌరశక్తి విభాగంలో సీటు ఇచ్చినట్టు మీ కాగితం వచ్చినాది. పాప ఎగిరి గంతేసినాది. నేను మాత్రం దాన్ని మూడుసార్లు చదివించుకొన్నాను. ఇంతకుముందు ఒక కాగితం చదవకుండా సంతకం పెట్టినోణ్ణి గదా! మా నాలుగెకరాలు సోలార్ పార్కుకు ఇరవై ఎనిమిదేండ్లకు గుత్తకిచ్చినాము. మీది నాలుగేండ్ల గుత్త, అంతే తేడా. కరారంటే ఏందో నాకు తెలుసు సారూ, నా దగ్గర ఆటలొద్దు.

భూమి తీసుకున్నోళ్ళు ఏటేటా మాకిస్తారు. మీరు బిడ్డను తీసుకుంటా మమ్మల్నే కట్టమంటారే, ఇది యాడి న్యాయం? సరే, చదువు గదా, అది ఇడిసిపెడతాను. గడువు తీరినాక తీసుకున్నది తీసుకున్నట్టు వాపసు ఇస్తామని మా భూమి కరారులో ఉండాది. ఇనుప గుంజలు పీకల్ల, గుంతలు పూడ్చల్ల. మీ కాగితంలో ఆ మాటే లేదు. పైగా దాంతోపాటు పంపిన పుస్తకం అట్టమీద ఇంతింత అక్షరాల్లో ఏమని అచ్చేసినారు? "మీ బిడ్డను పూర్తిగా మార్చేస్తాం" అని! ఎవరు మార్చమన్నారప్పా మిమ్మల్ని? మా బిడ్డకు ఏం తక్కువైనాది?

జవాబు రిజిస్టర్ పోస్టులో పంపండి. ఫోన్ చెయ్యొద్దు. ఫోన్లో చెప్పిన మాటలు యాడికి పోతాయో మాకు బాగా తెలుసు.

ఇట్లు, కోపంగా,
పాపన్న

తా.క.: అయ్యా, ఇది రాసింది నేను, పక్కింటి వెంకటక్కను. పాపన్న చదివింది కన్నడ బడి. మీ ఆఫీసు ఆంధ్రలో ఉంది, నేనూ ఆంధ్ర నుంచి కోడలుగా వచ్చినదాన్ని కాబట్టి తెలుగు రాసే పని నా నెత్తిన పడింది. ఆయన చెప్పినదాంట్లో నాలుగు మాటలు నేను రాయలేదు. రాస్తే పోస్టుమాస్టరు ముద్ర వెయ్యడు.

---

ప్రవేశాల విభాగం
జులై 9

గౌరవనీయులైన పాపన్న గారికి,

మీ లేఖ అందింది. మీ అమ్మాయి ప్రతిభకు అభినందనలు. అయితే ఇది గుత్త కాదని, ప్రవేశమని సవినయంగా మనవి చేస్తున్నాను.

మా విశ్వవిద్యాలయంలో ఎనిమిది బి.టెక్ కోర్సులున్నాయి. ఏ కోర్సయినా నూట అరవై క్రెడిట్లు పూర్తిచేస్తే డిగ్రీ ఇస్తాం. మొదటి ఏడాది బాగా చదివితే రెండో ఏడాది వేరే బ్రాంచికి మారవచ్చు. ఇక చివరి ఏడాదిలో ఆరు నెలలు ఏదైనా పేరున్న కంపెనీకి పంపి పని నేర్పిస్తాం. ఇన్ని సౌకర్యాలు చూశాక మీ ఆందోళన తీరిపోతుందని నా నమ్మకం.

"పూర్తిగా మార్చేస్తాం" అన్నది మా ప్రచార విభాగం వారి ఉత్సాహం. దాన్ని పట్టించుకోకండి. జతచేసిన ఫారంలో తండ్రిగా మీ సంతకం పెట్టి జులై 31 సాయంత్రం ఐదు గంటలలోగా పంపండి. గడువు దాటితే సీటు తర్వాతి అభ్యర్థికి వెళ్ళిపోతుంది.

భవదీయుడు,
యోగానంద, ప్రవేశాల అధికారి

తా.క.: తీసుకున్నది తీసుకున్నట్టు వాపసు చేయడం గురించి మా నిబంధనల పుస్తకమంతా వెతికాను. లైబ్రరీ పుస్తకాలకు మాత్రమే ఆ నియమం ఉంది.

---

రాయచెర్లు
జులై 14

యోగానంద సారుకు పాపన్న రాయించేది ఏమనగా,

లైబ్రరీ పుస్తకానికి ఉండే మర్యాద నా బిడ్డకు లేదా? అట్ట చినిగితే అడుగుతారు, పేజీ మడిస్తే అడుగుతారు. బిడ్డ విషయంలో మాత్రం అడిగేవాడు లేడు!

మీరు చెప్పిన సౌకర్యాలు ఒక్కొక్కటీ చూస్తే ఒళ్ళు మండుతాంది. మా భూమిని ఎకరాల్లో, గుంటల్లో కొలిచినారు. మీరు బిడ్డను క్రెడిట్లలో కొలుస్తారంట. ఆ కొలత తక్కువైతే డిగ్రీ ఇయ్యరంట. ఒక బ్రాంచికని తీసుకొని రెండో ఏడు ఇంకో బ్రాంచికి మార్చేదేంది? ఒక సర్వే నంబరు రాయించుకొని ఇంకో సర్వే నంబరులో గుంజలు పాతితే ఊరుకుంటామా?

కంపెనీ సంగతి విని నేను లేచి నిలబడినాను. మీ చేతికిచ్చిన బిడ్డను ఆరునెలలు ఎవరికో ఇస్తారా? సబ్‌లీజుకా? మా కరారులో అది కూడదని తెగేసి రాసుండాది సారూ! ఎవరా కంపెనీ? యాడుండాది? వాళ్ళ పేరు కూడా మీకు తెలీదు, "ఏదైనా" అని రాసినారు.

సంతకం పెట్టను. పెట్టను గాక పెట్టను.

ఇట్లు,
పాపన్న

తా.క.: మీ ఉత్తరాన్ని ఈయప్ప పాల డెయిరీ కాడ అందరికీ చదివించి వినిపించినాడు. మా ఊరి గంగప్పకు కంపెనీ మాట నచ్చినాదంట. ఇంట్లో ఎవరి మాటా వినని మేకపోతు ఒకటుంది, దాన్ని ఆరునెలలు తీసుకుపోతారా అని అడగమన్నాడు. - వెంకటక్క

---

ప్రవేశాల విభాగం
జులై 18

పాపన్న గారికి,

అయ్యా, ఈ కుర్చీలో పదహారేళ్ళుగా కూర్చుంటున్నాను. సీటు రాలేదని తిట్టినవాళ్ళను చూశాను. సీటు ఇచ్చినందుకు తిట్టించుకోవడం ఇదే మొదలు. నేను పిల్లల్ని ఎత్తుకుపోయేవాణ్ణి కాదు. నాకూ ఒక కూతురుంది, ఆమె కూడా చదువుకుంటోంది. నేను ఆమెను ఎవరికీ గుత్తకివ్వలేదు, చదువుకోవడానికి పంపాను.

కంపెనీకి పంపడం సబ్‌లీజు కాదు. అది కోర్సులో భాగం. బ్రాంచి మారడం మీ అమ్మాయి ఇష్టం. మేము బలవంతం చేయము. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. మీ ఉత్తరాలు చదువుతూ నా పక్క బల్లవాళ్ళు పని మానేశారు.

సరే, మీకు కావలసిన షరతులేమిటో మీరే రాసి పంపండి. నా చేతిలో ఉన్నంతవరకు చూస్తాను. గడువు మాత్రం నా చేతిలో లేదు. ముప్పై ఒకటి దాటితే ఆ అమ్మాయి సీటు పోతుంది, తర్వాత మీరు తిట్టినా నేను ఏమీ చేయలేను.

యోగానంద

తా.క.: మీ దెబ్బకు ప్రచార విభాగం వారు అట్టమీద మాట మార్చారు. ఇప్పుడు "మీ బిడ్డను మరింత మీ బిడ్డగా తీర్చిదిద్దుతాం" అని వేశారు. అర్థమేమిటని అడిగితే వాళ్ళకూ తెలియదు. గంగప్ప గారి మేకపోతుకు పి.యు.సి. మార్కుల కార్డు ఉంటే పరిశీలిస్తాం.

---

రాయచెర్లు
జులై 22

యోగానంద సారుకు,

షరతులు చెప్పమన్నారు గాబట్టి చెప్తాండాను. బిడ్డను ఇచ్చినది ఇచ్చినట్టు వాపసు చెయ్యల్ల. మా మాట, మా తీరు మారకూడదు. సబ్‌లీజు కూడదు. వారంలో ఒకరోజన్నా సంగటి పెట్టల్ల. సోలార్ పార్కులో గొర్రెలు పోయేదానికి దోవ విడిచిపెడతామని మాటిచ్చి కంచె వేసినారు. మీ హాస్టలుకు కూడా గేటుండాదంట. మేము ఎప్పుడొచ్చినా ఆ గేటు తియ్యల్ల.

ఈయప్ప ఎందుకిట్ల సతాయిస్తాండాడని మీరు అనుకుంటారు. మొన్న మా నాలుగెకరాలు చూసొస్తామని పోయినాను. కంచె బయట నిలబడి గంటసేపు వెతికినాను. శెనక్కాయలు వేసిన చేను ఏ సోలార్ పలకల వరస కింద పోయినాదో, మంద నిలిపే గట్టు ఏ వరస కిందుండాదో తెలీలేదు. ఆడ పుట్టి పెరిగినోణ్ణి, నా భూమిని నేను గుర్తుపట్టలేకపోతిని సారూ. నాలుగేండ్లకు బస్సు దిగిన బిడ్డ కూడా అట్ల అయిపోతే నేను ఎవరిని అడగల్ల? మిమ్మల్నా? మీరు అప్పటికి బదిలీ అయిపోయింటారు.

అందుకే ఇంత కోపం. ఇంకేం లేదు.

ఇట్లు,
పాపన్న

తా.క.: ఈసారి నన్ను తమాషా మాటలేవీ రాయొద్దన్నాడు. రాయను. కానీ నేత్రావతి నాలుగు రోజులుగా నాయనతో మాట్లాడడం లేదు. సంగటి గిన్నె ఆయన ముందర పెట్టి వెళ్ళిపోతోంది. ఈయన గిన్నెతో మాట్లాడుతున్నాడు. - వెంకటక్క

---

ప్రవేశాల విభాగం
జులై 26

పాపన్న గారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని ఈసారి పక్క బల్లవాళ్ళకు చూపించలేదు.

మీరు చెప్పిన షరతులన్నీ తెల్లకాగితం మీద నేనే రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర వేసి దీంతో పంపుతున్నాను. ఇలాంటి కాగితం ఈ విశ్వవిద్యాలయంలో ఇంతవరకు పుట్టలేదు. మా పైవాళ్ళ కంట పడితే నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. కుడివైపు ఇచ్చేవారి సంతకం, దాని కింద సాక్షి సంతకం. దయచేసి పెట్టి పంపండి. ఇంక ఐదు రోజులే ఉన్నాయి. ఆ పిల్ల మార్కులు చూశాను, ఆ సీటు వేరేవాళ్ళకు ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదు.

మీ
యోగానంద

తా.క.: సంగటి షరతు దగ్గర హాస్టల్ వంటమాస్టరు అడ్డం తిరిగాడు, చేయడం రాదట. కెలకడం ఎవరైనా చూపిస్తే నేర్చుకుంటానన్నాడు.

---

రాయచెర్లు
జులై 30

యోగానంద సారుకు,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. నేత్రావతి చేత్తో తెస్తాది. ఇది చదివేటప్పుడు ఆయమ్మి మీ ఎదురుగానే నిలబడుంటాది, కుర్చీ వేయండి.

నిన్న మీ కాగితం వచ్చినాది. నా షరతులన్నీ ఉండాయని విని నేను మీసం తిప్పినాను. పెన్ను తీసి సంతకం పెట్టబోతాంటే పాప వచ్చి పెన్ను పట్టుకొన్నాది. పదకొండు రోజుల తర్వాత మొదటి మాట.

"నాయనా, భూమి కరారులో సంతకం ఎవరు పెట్టినారు?"

"నేనే పెట్టినాను."

"ఎందుకు?"

"ఏంది నీ ప్రశ్న? పహణీలో నా పేరుండాది, భూమి నాది, నేను పెట్టినాను."

"భూమికి నోరు లేదు గాబట్టి నువ్వు పెట్టినావు. నాకు నోరుండాది. మొన్నటికి పద్దెనిమిదేండ్లు నిండినాయి. నా పహణీలో నా పేరే ఉండాది నాయనా."

పెన్ను పాప చేతికే ఇడిసిపెట్టినాను సారూ. మా ఇంటిది కాటమ్మ పొయ్యి కాడ నుంచి నవ్వినాది. పద్దెనిమిది నిండినోళ్ళకు తండ్రి సంతకం అక్కర్లేదని మీ ఫారం వెనకాల చిన్న అక్షరాల్లో ఉండాదంట, పాప చూపించినాది. మీ ఫారం మీరే చదవలేదా! పదహారేండ్లు ఆ కుర్చీలో కూర్చొని ఏం చేసినారప్పా? నెలరోజులు మనమిద్దరం రిజిస్టర్ పోస్టులో కొట్లాడుకుంటిమి. ఆ బిడ్డను ఒక్క మాట అడగల్లని నాకూ తోచలేదు, మీకూ తోచలేదు.

అంతటితో ఊరుకొందా? మన కరారు తీసుకొని, ఇచ్చినది ఇచ్చినట్టు వాపసు చెయ్యల్ల అన్న వరసను అడ్డంగా కొట్టేసినాది. ఆ వరస కోసమే గదా నేను నెలరోజులు అరిచింది! అదేందమ్మీ అంటే, "నాలుగేండ్లు చదివి ఇట్లనే తిరిగొచ్చేదానికైతే నేనెందుకు పోవల్ల?" అన్నాది. కంపెనీ వరస కూడా కొట్టేసినాది. గేటు వరస, సంగటి వరస మాత్రం ఉంచినాది. "మీరు రావల్ల" అన్నాది. ఇచ్చేవారి చోట, మీ ఫారంలో కూడా తన పేరే రాసి సంతకం పెట్టినాది. నేను సాక్షి గీత మీద పెట్టినాను. కోపంగానే పెట్టినాను, రాసుకోండి.

ఆ గీత చానా పొట్టిగా ఉండాది సారూ. నా పేరు సగం బయటికి పోయినాది. ఇంకోసారి ఇట్లాంటి కాగితం రాసేటప్పుడు నాయనలకు కొంచెం చోటు ఎక్కువ వదలండి.

ఇట్లు,
పాపన్న, సాక్షి

తా.క.: అయ్యా, వంటమాస్టరుకు సంగటి కెలికేది నేత్రావతి చూపిస్తుంది. ఇంకొక్క సంగతి, ఇది పాపన్నకు వినిపించలేదు. మీ ఎనిమిది కోర్సుల్లో చేరడానికి వయసు గడువేమైనా ఉందా? నాకు నలభై తొమ్మిది. ఆంధ్రలో ఇంటర్ పాసైన కార్డు పెట్టె అడుగున ఇరవై తొమ్మిదేళ్ళుగా ఉంది. పద్దెనిమిది ఎప్పుడో నిండింది కాబట్టి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఫారం ఒకటి నేత్రావతి చేతికివ్వండి, పోస్టులో మాత్రం పంపొద్దు. - వెంకటక్క