ఆకుపచ్చ కుర్చీ

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రాయకుండా ఎగ్గొడదామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి, రెండుసార్లూ దానితో బ్రష్షు తుడిచాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను మీ అమ్మ చేతిలో ఉంటుంది, ఇది ఆమె వినగా చెప్పే సంగతి కాదు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ నా మోకాలూ. మీ అమ్మ ఆరోగ్యానికి లోటు లేదు, నాతో మాటలకే లోటు.

కిందటి ఉత్తరంలో నువ్వు రెండు అడిగావు. వంటింటి కుర్చీలకు ఏ రంగులు వేశావు నాన్నా అన్నది మొదటిది. మావయ్య ఫోను ఎత్తడం లేదు, నువ్వేమైనా అన్నావా అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒకటే. తేలికైన కొసనుంచి మొదలుపెడతాను.

ఆ కుర్చీల పుట్టుక నీకు తెలిసిందే. మీ మావయ్య వడ్రంగం షాపు మూసేసినప్పుడు, అమ్ముడుపోని నమూనాలు ఆరు తెచ్చి "ఇదిగో అక్కా, నీకు కుర్చీల సెట్టు" అని పడేసి పోయాడు. ఒకదానికి వీపు పొడుగు, ఒకదానికి చేతులు, ఇంకోదానికి కాళ్ళు లోపలికి. ఆరుగురు తోడికోడళ్ళలా మొహాలు తిప్పుకుని ఉండేవి. రూపం ఎలాగూ కలవదు, రంగుతోనైనా చుట్టరికం కలుపుదామంది మీ అమ్మ. ఈ ఇంట్లో నా మాట చెల్లేది రంగుల విషయంలోనే కదా, సరేనన్నాను.

రంగు ఎంచుకోవడం అనుకున్నంత సులువు కాదు. కంపెనీవాళ్ళిచ్చే రంగుల కార్డు మీద గోరంత ముక్కగా ఉన్నప్పుడు నవ్వే రంగు, గోడంతా అయ్యాక అరుస్తుంది. వెనకటికి ఒక కటింగ్ షాపాయన పట్టుబట్టి గోడలకు నిమ్మపండు పసుపు వేయించుకున్నాడు. అద్దంలో ప్రతివాడూ కామెర్ల రోగిలా కనబడేవాడు. సగం గడ్డంతోనే లేచి డాక్టరు దగ్గరికి పరిగెత్తేవారు. ఆ డాక్టరు బోర్డు రాసిందీ నేనే. సరే, మాట ఎటో పోయింది.

పొడుగు వీపుదానికి నీలం. చేతులున్నదానికి ఆవపసుపు. ఒకదానికి మీగడ తెలుపు, ఒకదానికి బూడిద. మిగిలిన రెండింటికీ ఇటుక ఎరుపు, ఆకుపచ్చ. కథంతా ఈ రెండింటిదే.

రంగులు తెరిచిన రోజు మీ మావయ్య వచ్చి, అలవాటుగా గుమ్మంలో చతికిలబడ్డాడు. "ఏం బావా, కుర్చీలకైనా తిన్నగా వేస్తావా, బోర్డుల్లాగేనా?"

"ముందు ఆ ఆకుపచ్చ డబ్బా ఇటందుకో."

డబ్బాల మీది కాగితాలు ఊడిపోయాయి. మూత మీద రంగు చుక్కే గుర్తు. వాడు ఎర్రది అందించాడు.

"ఇది కాదురా."

మళ్ళీ వంగాడు. రెండు మూతలనూ చాలాసేపు చూశాడు. "నీ డబ్బాలు నువ్వే తీసుకో, నేనేమన్నా నీ కూలివాణ్ణా?" అని లేచిపోయాడు.

అప్పుడు నాకు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. కూరగాయల కొట్లో ప్రతి టమాటానీ నొక్కి చూడటం. కొత్త చొక్కా కొనేముందు మీ అమ్మని వెంట తీసుకెళ్ళడం. చెక్కకు రంగు పూసే పని ఎప్పుడూ పనివాళ్ళకే వదిలేయడం. వాడికి ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియదు! అరవై ఏళ్ళుగా ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాడు. పాపం అనిపించాలి నాకు. అనిపించలేదు. దారిలో తాళంచెవి దొరికినట్టయింది.

ఎందుకంటే, అమ్మలూ, నీకెప్పుడూ చెప్పనిది ఒకటుంది. నేను బడికి పోనివాణ్ణి. బోర్డులు గీస్తూ గీస్తూ చదవడం నేర్చుకున్నాను. నువ్వు పుట్టకముందు, కొత్త లైబ్రరీకి బోర్డు రాసే పని నాకొచ్చింది. నిచ్చెనెక్కి ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాస్తున్నాను. కింద లైబ్రరీ అధికారి పక్కన నిలబడి మీ మావయ్య అన్నాడు: "మా బావ అక్షరాలు చూశారా సార్, బడికి ఆలస్యమైన పిల్లల్లా ఒకటి ముందూ ఒకటి వెనకా! పాపం, బడి గుమ్మం తొక్కితే గదా!" అందరూ నవ్వారు. అధికారీ నవ్వి, మర్నాడు వేరేవాణ్ణి పిలిపించాడు. నేను ఈనాటికీ ఆ లైబ్రరీ గడప తొక్కలేదు. చదివినవన్నీ పాత కాగితాల కొట్లో ఏరుకున్నవే.

ఇక, ఇంతసేపూ దాటేస్తూ వచ్చింది చెప్పాలి. ఆ రెండు రంగులూ నేను మూడు రోజులు కలిపాను. ఎరుపులో చిటికెడు నలుపు, పచ్చలో ఇంకాస్త. కళ్ళు సగం మూసుకుని చూస్తే రెండూ ఒకే ముదురుగా కనబడేదాకా కలిపాను. రంగు తెలియనివాడు ముదురూ లేతా పట్టుకుని గట్టెక్కుతాడు. వాడి చేతిలోంచి ఆ ఊతకర్ర కూడా లాగేశాను. జన్మలో ఏ పనీ అంత శ్రద్ధగా చేయలేదు.

ఆదివారం భోజనానికి పక్కింటి టైలరు దంపతుల్నీ, మీ మావయ్య షాపులో పనిచేసిన ఇద్దర్నీ పిలిచాను. అందరూ కూర్చున్నాక వాడొచ్చాడు. ఎర్రదీ పచ్చదీ పక్కపక్కన ఖాళీగా ఉన్నాయి.

"రా బావమరిదీ. ఆకుపచ్చది నీకోసమే వేశాను."

"ఎక్కడైతేనేంలే బావా."

"అదేం కుదరదు. అంత షాపు నడిపిన కన్ను, ఆ మాత్రం పోల్చుకోదా?"

రెండింటినీ మార్చి మార్చి చూసి, ఎర్రదాని మీద చెయ్యి వేశాడు.

"అయ్యో, అది ఎరుపురా! నువ్వు వెళ్ళిన బళ్ళో రంగులు చెప్పలేదూ?"

టైలరు పగలబడి నవ్వాడు. వాడి పాత పనివాళ్ళూ నవ్వారు. వాడి చెవులు ఏ రంగుకి తిరిగాయో వాడికి తెలియకపోవచ్చు, నేను మాత్రం చూశాను. వాడు తినకుండా వెళ్ళిపోయాడు. నేను మారు వడ్డించుకుని తిన్నాను. హాయిగా ఉందమ్మా, నీ దగ్గర అబద్ధమెందుకు.

అందరూ వెళ్ళాక మీ అమ్మ గిన్నెలు కడుగుతూ, ఇటు తిరక్కుండానే అంది. "వాడికి రంగులు తెలియవని నాకు చిన్నప్పుడే తెలుసు. బళ్ళో ఏడిపిస్తారని వాడి రంగు పెన్సిళ్ళ మీద పేర్లు నేనే చెక్కి ఇచ్చేదాన్ని. మీకెందుకు చెప్పలేదో ఇవాళ మీరే చూపించారు."

"మరి లైబ్రరీ దగ్గర వాడు నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తే నువ్వేం చేశావు?" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

"ఆర్నెల్లు వాడితో మాట్లాడలేదు. మీరు గమనించలేదు."

నాకు నిజంగానే తెలియదు.

క్షమాపణ చెప్పమని రాస్తావని తెలుసు. చెప్పను. వాడు చెప్పాడా? నువ్వు మాత్రం మావయ్యకి ఫోను చేస్తూనే ఉండు. నా తరఫున ఏమీ చెప్పకు.

నిన్న పొద్దున మీ అమ్మ ఆకుపచ్చ కుర్చీని గుమ్మందాకా ఈడ్చింది. నేను సాయం పట్టబోతే వద్దంది. ఎత్తుకుని, రెండు వీధుల అవతల ఉన్న వాడింటికి నడిచి వెళ్ళింది. భోజనం అక్కడే చేసి సాయంత్రం వచ్చింది. వంటింట్లో ఇప్పుడు ఐదు కుర్చీలున్నాయి.

ఇట్లు,
నీ నాన్న