వాడు వస్తాడని పెట్టిన మీటప్‌లు

భోపాల్
18 నవంబర్ 2024

ప్రియమైన సయీదాకు,

చీరల మూట చేరింది. పట్టూ నూలూ కలిపి నేసిన సీకో చీరల మడతలో నీ ఉత్తరం దొరికింది. ఫోన్‌లో మన కొడుకు మున్నా మాట వస్తే ఇద్దరం ఏడుస్తున్నాం, పక్క స్టాళ్ళవాళ్ళు వింటున్నారు. వాడి సంగతులు ఉత్తరాల్లోనే రాసుకుందామన్నావు. అదే మంచిది.

వాడు ఆడే ఆట ఏమిటో, నేను పెడుతున్న మీటప్ ఏమిటో సరిగా రాయమన్నావు. దాన్ని జియోక్యాచింగ్ అంటారు. ఒకరు చిన్న డబ్బా ఎక్కడో దాచి, ఆ చోటు వివరం ఫోన్‌లో పెడతారు. ఇంకొకరు వెతుక్కుంటూ వెళ్తారు. దొరికితే డబ్బాలో ఉన్న కాగితం మీద పేరు రాసి, ఫోన్‌లో కూడా 'దొరికింది' అని రాస్తారు. ఆ రాత ప్రపంచంలో ఎవరికైనా కనిపిస్తుంది. మనవాడు 'బీచుపల్లి మున్నా' అనే పేరుతో ఆడతాడు. ఇల్లు విడిచాక ఫోన్ నంబర్ మార్చాడు గానీ ఆ పేరు మార్చలేదు. అక్టోబర్‌లో భోపాల్ చెరువు కట్ట దగ్గర ఒక డబ్బా దొరికిందని రాశాడు. నేను సూరత్ ఎగ్జిబిషన్ వదిలి ఇక్కడ స్టాల్ తీసుకున్నది అందుకే.

మీటప్ అంటే ఈ ఆట ఆడేవాళ్ళు ఒకచోట కలవడం. ఎవరైనా పిలవచ్చు. చోటు, తేదీ ముందే ప్రకటించాలి. పిలిచిన మనిషి అక్కడ ఉండి తీరాలి. ఏమీ అమ్మకూడదు. నేను 'మున్నా అబ్బా' అని పేరు పెట్టుకుని పిలిచాను. ఆ పేరు చూస్తే పిలిచింది నాన్నేనని వాడికి తెలుస్తుంది. రావాలనుకుంటే వస్తాడు.

నిన్న ఆదివారం ఆరుగురు వచ్చారు. మున్నా రాలేదు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ నన్ను ఏ డబ్బాలు దాచావని అడిగింది. ఒక్కటీ దాచలేదు, చీరలు అమ్ముతానన్నాను. అయితే ఒకటి చూపించమంది. ఇక్కడ కుదరదు, స్టాల్‌కి రమ్మన్నాను. అందరూ నవ్వారు. తర్వాత ఫోటో చూపించాను. ఒక కుర్రాడు గుర్తుపట్టాడు. మున్నా సెల్ టవర్లు నిలబెట్టే ముఠాతో వచ్చాడట. ఆ కుర్రాడే వాడికి టీ తాగించాడట. టవర్ పైనుంచి చూస్తే మా ఊరి నది లాంటి నది ఎక్కడా కనబడటం లేదని మున్నా అన్నాడట. ముఠా ఎటు వెళ్ళిందో అతనికి తెలియదు.

బతికి ఉన్నాడు సయీదా. టీ తాగాడు, మాట్లాడాడు. ఇక ఎగ్జిబిషన్ ఎక్కడుంటే అక్కడ మీటప్ పెడతాను. ఎక్కడో ఒకచోట ఎదురుపడతాడు.

నీ
హైదర్


గద్వాల
9 డిసెంబర్ 2024

మున్నా వాళ్ళ అబ్బాకు సయీదా సలాం.

మీ ఉత్తరం మన బిడ్డ అల్ఫియా చేత రెండుసార్లు చదివించుకున్నాను. నాకు చదవడం రాక కాదు, వినాలనిపించింది. పిల్ల నాగర్‌కర్నూల్ హాస్టల్ నుంచి ఆదివారం వచ్చి పోయింది. చదివి, "అబ్బా చీరలు అమ్ముతుండా, డబ్బాలు ఏరుతుండా?" అని నవ్వింది. నవ్వి, వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

టీ తాగించిన ఆ కుర్రాడికి నా సలాం చెప్పండి. మీరు మళ్ళీ కలిస్తే ఒక చీర ఇవ్వండి, వాళ్ళ అమ్మకు.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. మున్నా కనబడితే షాపులో జరిగింది ఎత్తవద్దు. గిరాకీల ముందు మీరు కొట్టిన దెబ్బ కన్నా, "డబ్బాలు ఏరుకుంట బతుకుతవా, ఏరుకో పో" అన్న మాటే వాడికి తగిలింది. మీరు ఇప్పుడు వాడి ఆటే ఆడుతున్నారని తెలిస్తే వాడే వస్తాడు. మాఫీ చెప్పాలని తొందరపడకండి. ముందు అన్నం తిన్నాడో లేదో అడగండి.

మీ గుండె సంగతి మరిచిపోవద్దు. స్టెంట్ వేసి ఇంకా ఏడాది కాలేదు. పెద్ద సంతోషం గానీ, పెద్ద దుఃఖం గానీ ఒక్కసారిగా తగలకుండా చూసుకోమని డాక్టర్ నాతోనే చెప్పాడు. గోలీలు మానవద్దు. అంత దూరం గువాహటి పోతున్నారు. చలి ఎక్కువట. స్వెటర్ మూటలో పెట్టాను. ఎరుపు మీద జరీ ఉన్న నాలుగు చీరలు ముందు అమ్మండి, మగ్గం వాళ్ళు బాగా నేశారు.

వేళకు తినండి.

సయీదా


గువాహటి
16 ఫిబ్రవరి 2025

ప్రియమైన సయీదాకు,

ఈసారి మూటలో ఉత్తరం లేదు. చీరలన్నీ విప్పి చూశాను.

జనవరి ఆఖరున ఫోన్ చేస్తే మీ తమ్ముడు ఎత్తాడు. నీకు జ్వరమని, వనపర్తిలో తమ ఇంట్లోనే పడుకున్నావని చెప్పాడు. వెనకాల చాలామంది మాటలు వినబడ్డాయి. ఎవరని అడిగితే ఏదో ఫంక్షనన్నాడు. తర్వాత నువ్వు మాట్లాడినప్పుడు నీ గొంతు గుర్తుపట్టలేకపోయాను. జ్వరం అంత ఎక్కువ వచ్చిందా? ఇప్పుడు మున్నా పేరెత్తితే ఏడవడం లేదు నువ్వు, ఫోనే పెట్టేస్తున్నావు.

బ్రహ్మపుత్ర ఒడ్డున మీటప్ పెట్టాను. ఇద్దరు వచ్చారు, భార్యాభర్తలు. వాన పడుతోంది. వాళ్ళకి మున్నా తెలియదు. ఫోటో తమ ఫోన్‌లోకి తీసుకున్నారు, ఇటు ఎక్కడైనా కనిపిస్తే చెబుతామన్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా నేను అక్కడే ఉన్నాను, ఆలస్యంగా వస్తాడేమోనని.

డిసెంబర్ తర్వాత బీచుపల్లి మున్నా ఒక్క డబ్బా కూడా కనుక్కోలేదు. పొద్దున లేవగానే అదే చూస్తాను. వాడు ఆ ఆట మానేశాడంటే నమ్మను. చిన్నప్పుడు జ్వరంలో కూడా కోట గోడ వెంట తిరిగేవాడు.

నాకు ఈ పని మీద మనసు నిలవడం లేదు. చీర విప్పి చూపిస్తూ ధర మరిచిపోతున్నాను. గోలీలు మానేశాను. ఎవరి కోసం మింగాలి? పండుగకి ఇంటికి రమ్మంటావేమో, వాడు లేకుండా రాను. నన్ను అడగవద్దు.

హైదర్


గద్వాల
8 మార్చి 2025

మున్నా వాళ్ళ అబ్బాకు,

జ్వరం తగ్గింది. బాగానే ఉన్నాను.

నారాయణపేట వెంకటన్న ఫోన్ చేశాడు. మీ పక్క స్టాల్‌లో అతను లేకపోతే నాకు ఏ సంగతీ తెలిసేది కాదు. మీరు స్టాల్‌లో కూర్చున్నచోటే ఒరిగిపోయారని, దవాఖానకు తీసుకుపోతే గోలీలు ఎందుకు మానేశారని డాక్టర్ తిట్టాడని చెప్పాడు. "అక్కా, అన్న తింటలేడు, ఏమన్న చెప్పు జర" అన్నాడు.

ఒక్కసారి ఇంటికి రండి. ఉపవాసాలు నడుస్తున్నాయి, ఇఫ్తార్‌కి నేనొక్కదాన్నే కూర్చుంటున్నాను. మీరు వచ్చాక ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. కొన్ని మాటలు రాయడం నాకు చేతకాదు. ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. అమ్ముడుపోని చీరలు పారేసి వచ్చినా ఏమీ అనను.

రానంటే కనీసం గోలీలు మింగండి. నాకోసం. నాకు ఇంకొకటి పోగొట్టుకునే బలం లేదు.

సయీదా


కోల్‌కతా
2 ఏప్రిల్ 2025

ప్రియమైన సయీదాకు,

వాడు కనిపించాడు.

నిన్న పొద్దున ఫోన్ చూస్తే బీచుపల్లి మున్నా పేరు పైకి వచ్చి ఉంది. రాయపూర్‌లో రోడ్డు కాలువను దాటే చోట మోరీ కింద ఉన్న డబ్బా దొరికిందని రాశాడు. ఎప్పుడూ ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసేవాడు, ఈసారి తెలుగులో రాశాడు. "డబ్బా దొరికింది. నేను బాగున్నాను. వేళకు తింటున్నాను." నేను చూస్తానని తెలిసే తెలుగులో రాశాడు. వెంకటన్నకి చదివి వినిపించాను. "మస్తుగ చెప్పినవన్నా, ఇగ నువ్వు తిను" అని నా ముందు అన్నం పెట్టాడు. తిన్నాను. గోలీలు మళ్ళీ మొదలుపెట్టాను.

మన తర్వాతి ఎగ్జిబిషన్ ఎలాగూ రాయపూరే. చూశావా, వాడు నాకు దారిలోనే ఉన్నాడు. మీటప్ ప్రకటించేశాను. ఏప్రిల్ ఆఖరి ఆదివారం, చెరువు పక్క పార్కు. నువ్వు అన్నట్టే ముందు అన్నం తిన్నాడో లేదో అడుగుతాను.

పండుగ రోజు ఇంటికి రానందుకు ఏమనుకోకు. వాడిని తీసుకునే వస్తాను. కొత్త బట్టలు అప్పుడు కుట్టిద్దాం.

ఎప్పటికీ నీ
హైదర్


గద్వాల
11 ఏప్రిల్ 2025

మున్నా వాళ్ళ అబ్బాకు,

మీరు తింటున్నారని వెంకటన్న చెప్పాడు. చాలు.

రాయపూర్‌లో చీరలు అమ్ముకోండి. ఆ కాలువ దగ్గరికి మాత్రం పోవద్దు. టవర్ల పనివాళ్ళు ఒకచోట ఉంటారా? దొరికిందని రాసినంత మాత్రాన అక్కడే కూర్చుని ఉంటాడా? మీటప్ పెట్టకపోయినా ఎవరూ ఏమీ అనరు.

ఇదే చివరి మూట. మగ్గం వాళ్ళకు చెప్పేశాను, ఇక పంపను. అమ్మినా అమ్మకపోయినా ఇది అవగానే ఇంటికి రండి. నా మీద ఒట్టు. మీరు గడప లోపలికి వచ్చాక మీకు ఎంత కోపం వచ్చినా పడతాను.

సయీదా


రాయపూర్
28 ఏప్రిల్ 2025

ప్రియమైన సయీదాకు,

ఇది నీకు చేరే లోపలే నేను చేరవచ్చు. అయినా రాస్తున్నాను. ఎదురుగా వచ్చాక ఇవన్నీ అనగలనో లేదో తెలియదు.

శనివారం ఒక పెద్దాయన స్టాల్‌కి వచ్చాడు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. కాలువ మోరీ కింద డబ్బా పెట్టింది ఆయనే. మీటప్‌కి ముందే నన్ను కలవాలనుకున్నానన్నాడు. రోడ్డు వెడల్పు చేయడానికి పోయిన వానాకాలమే ఆ మోరీ పడగొట్టారట. డబ్బా అందులోనే పోయింది. కొత్తది పెడదామని జాబితాలోంచి తీయకుండా ఊరుకున్నాడట. లేని డబ్బాని మీ అబ్బాయి ఎట్లా కనుక్కున్నాడో అడుగుదామని వచ్చానన్నాడు.

నన్ను అక్కడికి తీసుకుపోయాడు. పాత మోరీ లేదు. కొత్త కాంక్రీటు ఉంది, దాని మీదుగా లారీలు పోతున్నాయి. అక్కడికి రాకుండా దొరికిందని రాయడం కుదురుతుందా అని అడిగాను. ఆ పేరుతో తెరిచి ఉన్న ఫోన్ చేతిలో ఉంటే ఇంట్లో కూర్చునైనా రాయచ్చన్నాడు.

నేను ఆ కాంక్రీటు గట్టు మీద కూర్చున్నాను. ఇంటి నుంచి పోయిననాడు వాడి ఫోన్ వాడి జేబులో ఉంది. వేళకు తింటున్నానని వాడు ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. ఆ మాట నీది. నా తర్వాతి ఊరు రాయపూర్ అని నీకు తెలుసు. అంటే ఫోన్ నీ దగ్గర ఉంది. వాడే ఇంటికి వచ్చి ఉంటే నువ్వు నా దగ్గర ఒక్క గంట దాచవు. ఫోన్ వచ్చింది, వాడు రాలేదు.

ఆ తర్వాత మిగతావన్నీ వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. జనవరిలో నీ జ్వరం. ఫోన్ ఎత్తిన మీ తమ్ముడు. వెనకాల వినబడ్డ జనం. నీ గొంతు. నేను గువాహటిలో ఉన్నాను, ఎంత తొందరగా బయలుదేరినా చేరలేను. వాడిని అన్ని రోజులు ఉంచలేరు. నాకు చెప్తే నేను కూడా పోతానని భయపడ్డావు. గోలీలు మానేశానని రాసి నీ చేత ఆ తెలుగు మాటలు రాయించింది నేనే. నీ మీద నాకు కోపం లేదు. కోపం కోసం వెతికాను, రాలేదు.

నీకు ఫోన్ చేద్దామని నంబర్ తీసి పెట్టేశాను. అడిగితే నువ్వు మళ్ళీ బాగున్నాడని చెప్పాల్సి వస్తుంది.

నిన్న మీటప్ ఆపలేదు. పిలిచినవాడు ఉండాలి కాబట్టి వెళ్ళాను. తొమ్మిదిమంది వచ్చారు. ఒక జంట జబల్‌పూర్ నుంచి బస్సులో వచ్చింది. ఎప్పటిలాగే ఫోటో బయటికి తీశాను, కానీ ఈసారి ఎవరైనా చూశారా అని అడగలేదు. వీడు నా కొడుకు, చనిపోయాడు అని చెప్పాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. పెద్దాయన టోపీ తీశాడు. జబల్‌పూర్ అమ్మాయి ఎప్పుడు అని అడిగింది. తెలియదన్నాను. ఎట్లా అని అడిగింది. అదీ తెలియదన్నాను. తండ్రికి తెలియకపోవడం ఏమిటని ఎవరూ అడగలేదు. చాలాసేపు నాతోనే నిలబడ్డారు. భోపాల్ చెరువు దగ్గర వాడు రాసిన రెండు ఇంగ్లీషు ముక్కల్ని ఆ అమ్మాయి ఫోన్‌లో వెతికి పైకి చదివింది. "మంచి చోటు. థ్యాంక్స్." అంతే ఉంది.

చీరలు వెంకటన్నకి అప్పజెప్పాను. గోలీలు జేబులో ఉన్నాయి, వేసుకుంటున్నాను, భయపడకు. ఈ రాత్రి బండికి బయలుదేరి కాచిగూడలో మారి వనపర్తి రోడ్ స్టేషన్‌లో దిగుతాను. గద్వాల దాకా రాను. ఈ ఉత్తరం ఆలస్యమైనా ఈ మాట వెంకటన్న నీకు ఫోన్‌లో చెబుతాడు. నువ్వు మీ తమ్ముడిని తీసుకుని స్టేషన్‌కి రా. వాడిని మీ నాన్న సమాధి పక్కన పెట్టి ఉంటారని అనుకుంటున్నాను. నేరుగా అక్కడికి పోదాం. అల్ఫియాని కూడా పిలిపించు, పిల్ల ఇన్నాళ్ళు ఈ బరువు హాస్టల్లో మోసింది.

దారిలో నాకేమీ చెప్పకు. కబరస్తాన్‌లో, వాడి దగ్గర కూర్చున్నాక చెప్పు. ఏ తేదీ, టవర్ మీది నుంచా, ఎవరు తెచ్చారు, మట్టి ఎవరెవరు ఇచ్చారు. అన్నీ వింటాను. తట్టుకుంటాను.

ఒక్కటి మాత్రం ముందే అడగకుండా ఉండలేకపోతున్నాను సయీదా. వాడికి చివరి స్నానం ఎవరు చేయించారు? అది నా పని.

వస్తున్నాను.

హైదర్