ఆపమన్న బెల్లు

చిరంజీవి చిన్నాకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసాయే. నా మోకాళ్ల సంగతి మీ అమ్మనడిగితే ఒకలా చెబుతుంది, నన్నడిగితే ఇంకోలా చెబుతాను. ఏదైతేనేం, నడుస్తున్నాయి.

నువ్వడిగిన వాటికి జవాబులు. డిపోలో నాకు కొత్త బస్సు ఇచ్చారు. గేరు వేస్తే పాతదానిలా మూలగదు, అందుకే దాంతో ఇంకా స్నేహం కుదరలేదు. నీ సైకిలు ఎవరికీ ఇవ్వలేదు. నువ్వొచ్చి తొక్కుతావని కాదు, ఇవ్వబుద్ధి కాలేదు, అంతే.

నీకు జ్వరమొస్తే మీ గదిలో ఉండే ఆ నర్సు అమ్మాయి మూడు రోజులు సెలవు పెట్టిందని రాశావు. ఇంకో అమ్మాయిని ప్రేమించిందని తనని ఇంట్లోంచి వెళ్లగొట్టారని చదివి, మీ అమ్మ ఉత్తరం పక్కన పెట్టి లేచిపోయింది. కాసేపటికి వచ్చి, "ఆ పిల్లకీ ఒక స్వెట్టరు అల్లుతాను, కొలత అడగండి" అంది. మర్చిపోకుండా రాయి.

ఇక అసలు సంగతి. ఆదివారాలు నువ్వూ, ఆ నర్సు అమ్మాయీ, మీలాంటి పిల్లలంతా కలుసుకునే చోటికి ఈసారి అమ్మానాన్నలు కూడా వస్తున్నారని, మమ్మల్నీ రమ్మన్నావు. కాలేజీలో ఉండగా నేను నడిపే బస్సులోనే తోటి కుర్రాళ్లు నిన్ను కొట్టిన సంగతి మొదటిసారి రాశావు. రాసి, "ఇంజను మోతలో నీకు వినపడి ఉండదు నాన్నా, బాధపడకు" అన్నావు. పదిహేను రోజులుగా ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

వినపడింది చిన్నా.

వాళ్లు నీ ఫోను లాక్కుని, నువ్వు ప్రేమించిన అబ్బాయికి రాసుకున్న మాటలు పైకి చదివారు. బస్సంతా నవ్వింది. ఒకడు నీ కాలరు పట్టుకున్నాడు. అద్దంలో నీ ముఖం కనిపించింది, పెదవి చిట్లి ఉంది. కండక్టరమ్మ ఒక బెల్లు కొట్టింది. ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే కదలాలి. నా ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆపమన్న బెల్లుకి ఆపనిది అదొక్కసారే. కాసేపాగి ఆమె మళ్లీ ఒకటి కొట్టింది. నేను తర్వాతి స్టాపు దాకా పోనిచ్చాను.

ఆపితే లేచి వెనక్కి రావాలి. వస్తే నువ్వు నా కొడుకువని అందరికీ తెలుస్తుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందనుకున్నాను. నీ నొప్పి కన్నా నా పరువే నాకు పెద్దదైంది. నువ్వు నన్ను పిలవనూ లేదు. డ్యూటీలో ఉండగా నాన్నా అనొద్దని, టికెట్టు కొనుక్కుని అందరిలా కూర్చోమని చిన్నప్పుడు నేనే నేర్పాను. దెబ్బలు తింటూ కూడా నా మాట దాటలేదు నువ్వు.

వాళ్లని తోసేసి నిన్ను తన సీట్లో కూర్చోబెట్టుకుంది ఆ కండక్టరమ్మే. ఇంటికొచ్చాక నువ్వు మెట్ల మీంచి పడ్డానన్నావు. చూసుకుని నడవాలి కదా అని నేనన్నాను.

మర్నాడు డిపోలో కండక్టరమ్మ నా దగ్గరికొచ్చింది. "బెల్లు మెకానిక్కుకి చూపించానన్నా. శుభ్రంగా పనిచేస్తోంది. చెడిపోయింది నువ్వే" అంది. ఆ వారమే వేరే బస్సుకి మార్పించుకుంది.

మీ అమ్మకి నిన్న చెప్పాను. అన్నం పెడుతోంది గానీ మాట్లాడటం లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. ఇది చదివాక కూడా రమ్మంటే వస్తాను. కండక్టరమ్మని అడిగాను, వస్తానంది. అమ్మానాన్నల కోసం వేసే కుర్చీల్లో ఆమెనీ మీ అమ్మనీ కూర్చోబెట్టు. నేను వెనక నిలబడతాను. ఆయనెవరని ఎవరైనా అడిగితే, తెలియదని చెప్పు. ఆ రోజు నేను చేసిందీ అదే.

ఇట్లు,
అంతా విన్న నీ నాన్న