మధ్యాహ్నం బాగానే ఉండే ఇంజను

రేవుల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
చింతాలంక గ్రామ నివాసి, రిటైర్డ్ తెలుగు పండితుడు గెడ్డం ఇస్సాకు వ్రాసుకొను అర్జీ.

విషయం: మా రేవులోని పంటు డీజిల్ ఇంజను చలికాలపు ఉదయములందు స్టార్టు కాకపోవుట, మధ్యాహ్నము తమరి ఎదుట మాత్రము స్టార్టు అగుట – గురించి.

అయ్యా,

మాది గోదావరి నడుమ లంక గ్రామము. ఒడ్డుకు చేరవలెనన్న పంటు తప్ప వేరు దారి లేదు. ఇది తమరికి తెలియనిది కాదు గాని, మొన్న దయచేసినప్పుడు "ఇక్కడ బ్రిడ్జి లేదా?" అని తమరే అడిగియున్నందున మరల మనవి చేయుచున్నాను.

1. డిసెంబరు వచ్చినది మొదలు సదరు ఇంజను తెల్లవారుజామున కదలనని మొరాయించుచున్నది. లోపల వేడిచేసే ప్లగ్గులు కాలిపోయినవి. బ్యాటరీ ఉన్నది, అది డ్రైవరు సత్తియ్య సెల్‌ఫోను ఛార్జింగుకు సరిపోవును. సత్తియ్య హ్యాండిల్ వేసి తిప్పుతాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ మా ముఖాల మీదికి వదిలి ఊరుకుంటుంది. మంచులో ఆ పొగ ఏదో, మంచు ఏదో తెలియదు.

2. పూర్వం సత్తియ్య కిరసనాయిలు గుడ్డ వెలిగించి గాలిగొట్టం దగ్గర పట్టేవాడు. ఆ వేడికి ఇంజను అందుకొనేది. పంటుపై నిప్పు నిషేధమని తమ కార్యాలయము వారు బోర్డు పెట్టించిరి. న్యాయమే. మరి బదులుగా ఏమి చేయవలెనో వ్రాయుటకు బోర్డుపై చోటు చాలలేదు కాబోలు. నాటి నుండి ఇంజనుకు వేడినీళ్ళు పోస్తున్నాము. టీకొట్టు కామేశ్వరి గారి పొయ్యి మీద మొదటి గిన్నె దానిదే. నేను టీ అడిగితే, "ముందు ఇంజనుకండీ మాస్టారూ, తరవాతే మీకు" అంటున్నారు.

3. ప్లగ్గులు, బ్యాటరీ ఇప్పించవలసినదిగా గతంలో పెట్టుకున్న అర్జీకి సమాధానము వచ్చినది. కోనసీమ ఉష్ణప్రాంతమగుటచే చలి అను కారణము అంగీకరింపబడదనియు, చలి సామగ్రి ఏజెన్సీ కొండప్రాంతాలకు మాత్రమే మంజూరగుననియు అందులో సెలవిచ్చిరి. అయ్యా, ఆ ఉత్తర్వు పట్టుకెళ్ళి రేవులో నిలబడి సత్తియ్యకు చదివి వినిపించాను. "ఇంజనుకి కూడా ఓసారి చదవండి మాస్టారండీ, చదువుకున్నోరి మాటైనా వింటదేమో" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది గాని, ఎవరి మీద మండాలో తెలియలేదు.

4. నా భార్య విజయకుమారికి రెండు మూత్రపిండాలూ పాడైనవి. వారానికి మూడుసార్లు అవతలి ఒడ్డున ఆసుపత్రిలో డయాలసిస్ జరుగవలెను. అక్కడ మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. మొదటి పంటు అందకపోతే ఆమె వంతు వెనుక ఉన్నవారికి పోతుంది. వాళ్ళను తప్పుపట్టలేను, బెంచీ మీద కూర్చున్నవాళ్ళూ బతకాలి కదా. పోయిన వారం సత్తియ్య, నేను, పాలక్యాన్ల వాళ్ళు అందరం వంతులవారీగా హ్యాండిల్ తిప్పాము. ఎండ వచ్చాక గాని అది కదలలేదు. మేము వెళ్ళేసరికి ఆ రోజు లేదన్నారు. మళ్ళీ వంతు వచ్చేదాకా విజయకుమారి పడుకుంటే ఊపిరి అందక, గోడకు చేరబడి కూర్చునే ఉంది. ఉద్యోగమంతా పిల్లలకు అర్జీలు రాయడం నేర్పినవాణ్ణి. ఈ సంగతి సదరు, సదరు అంటూ రాయడం నాకు చేతకావడం లేదు. నా భార్య చచ్చిపోతుందేమోనని భయంగా ఉందండి.

5. ఇక తమ తనిఖీ. ఇందులో మా ఊరివారి పాత్ర దాచను. పెద్దాఫీసరు గారు వస్తున్నారనగానే లంకంతా హడావుడి పడింది. పొద్దుటి నుంచీ బిందెలతో వేడినీళ్ళు పోసి, తిప్పి తిప్పి, తమరు అవతలి ఒడ్డున కారు దిగేసరికి ఇంజనును సిద్ధం చేసి పెట్టారు. నేను మొత్తుకున్నాను. "ఒరే, స్టార్టు కాదని చూపించడానికే కదరా ఆయన్ని పిలిచింది!" అన్నాను. సత్తియ్య నొచ్చుకున్నాడు. "అంత దూరం నుంచి వస్తన్నారండీ. మంచిమనిషిని రేవులో నిలబెట్టి, ఇది కదల్దండీ అని చెప్తే మన లంక పరువేం కావాలండి?" అన్నాడు. తమరు మిట్టమధ్యాహ్నం వచ్చారు. సత్తియ్య హ్యాండిల్ ఒక్క తిప్పు తిప్పగానే ఇంజను గుర్రుమంది. "బ్రహ్మాండంగా ఉంది కదండీ మాస్టారూ!" అన్నారు తమరు. అందరూ "ఆయ్" అన్నారు. కొబ్బరిబొండం తాగుతున్న అతిథికి ఎదురు చెప్పడానికి నాకూ నోరు రాలేదు. తమరు 'సంతృప్తికరము' అని సంతకం చేసి వెళ్ళిపోయారు.

కావున, ఆ సంతకము మధ్యాహ్నపు ఇంజనుకు సంబంధించినదిగా భావించి, తెల్లవారుజాము ఇంజనుకు ప్లగ్గులు, బ్యాటరీ మంజూరు చేయవలెననియు, మరొక్కసారి మొదటి పంటు వేళకు దయచేసి తనిఖీ చేయవలెననియు ప్రార్థించుచున్నాను. ఈ ముసలివాని గోడు చిత్తగించవలెను.

తమ విధేయుడు, చలికి వణుకుచున్నవాడు
గెడ్డం ఇస్సాకు

తా.క.: అయ్యా, ఈసారి వచ్చే ముందు దయచేసి కబురు చేయకండి. తెలిస్తే మావాళ్ళు ఊరుకోరు. నా మీద నాకే నమ్మకం లేదు, నేనే బిందె ఎత్తుతానేమో. చెప్పాపెట్టకుండా రండి. రేవులో మెట్ల మీద నా మంకీక్యాప్ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని కూర్చునే ఆవిడే విజయకుమారి. ఎలా ఉన్నారని మాత్రం ఆమెను అడగకండి. "బాగానే ఉన్నానండి, మీరు టిఫిన్ చేసేరా?" అంటుంది. తమరు అదీ రాసేసుకుని వెళ్ళిపోగలరు. అడగకుండా, దుప్పటి కింద ఆమె పాదాలు ఎంత వాచాయో చూడండి.