రెండు వైపులా తెరుచుకునే పాటల పుస్తకం

వాడి కబీర్ స్కూలు నుంచి, ఆదివారం

బైండింగ్ బాషాగారికి, స్కూలు పాటల టీచర్ సునీత నమస్కారాలు.

మీరు ఫోను ఎత్తరు కాబట్టి బస్సు డ్రైవర్ జిలానితో ఈ ఉత్తరం, కాగితాలు పంపుతున్నాను. ఇవి దాదాపు ఎనిమిది వందల ఏళ్ల నాటి చేతిరాత పాటల పుస్తకానికి రంగు కాపీలు. కొంత లాటిన్, కొంత జర్మన్. గురువారం మా పిల్లలు ఇందులోవే పాడతారు. జర్మనీ నుంచి ఒక ప్రొఫెసర్ వస్తున్నారు. ఆ రోజు బాగా జరిగితేనే నా ఉద్యోగం పర్మనెంటు. ఉన్న వరసలోనే కట్టండి, చాలు.

ఇట్లు,
మీ మీద భారం వేసిన సునీత

తా.క.: లాటిన్ పక్కన ఎర్ర గీత, జర్మన్ పక్కన నీలి గీత పిల్లల కోసం పెట్టాను. చెరపకండి.

*

మంగళవారం

సునీత మేడమ్‌కు బాషా సలాం.

చేతులకు ఎప్పుడూ జిగురే, ఫోను ఎట్లా ఎత్తేది? పుస్తకం అయిపోయింది. మీరు రెండు భాషలూ ఒకే పేజీలో కలిపేశారు. ఈ అరబ్బు దేశంలో ఆఫీసు కాగితాలు కట్టీ కట్టీ నాకు తెలుసు. అరబ్బీ కుడి నుంచి, ఇంగ్లీషు ఎడమ నుంచి ఉండాలి, లేకపోతే వెనక్కి పంపుతారు. అందుకే మీ గీతలు చూసుకుంటూ బ్లేడుతో కోసి, లాటిన్‌ను ఎడమ నుంచి, జర్మన్‌ను కుడి నుంచి కట్టాను. ఇక ఏ ఆఫీసూ వంక పెట్టదు.

మీ మేలు కోరే బాషా

తా.క.: బొమ్మల్లో తాగేవాళ్లు, జూదమాడేవాళ్లు కనిపించారు. పిల్లల పుస్తకం కదా, వాళ్ల మీద పూల కాగితం అంటించాను.

*

బుధవారం

బాషాగారూ,

నమస్కారం పెట్టే ఓపిక లేదు. లాటిన్ చరణాల వెనకే జర్మన్ చరణం వస్తేనే అది ఒక పాట. ఇప్పుడు పాట మొదలు ఒక అట్ట దగ్గర, చివర ఇంకో అట్ట దగ్గర ఉన్నాయి. మిమ్మల్ని కోయమన్నది ఎవరండీ? రేపే కార్యక్రమం, మళ్లీ కట్టే టైము లేదు. అట్ట మాత్రం చూపించి ఎలాగో గట్టెక్కుతాను. రేపు సాయంత్రం, అంతా అయ్యాక మీకే పంపుతాను, మొత్తం విప్పి వరసలో పెట్టండి.

తల పట్టుకున్న సునీత

తా.క.: ఆ పూలు కూడా తీసేయండి. ఎనిమిది వందల ఏళ్లుగా తాగుతున్నవాళ్లు మీ పూలకు మానరు.

*

ఆదివారం ఉదయం

బాషాగారికి నమస్కారం.

పుస్తకం మీద చెయ్యి వేయకండి. గురువారం ప్రొఫెసర్ అట్టతో ఆగలేదు. రెండు వైపుల నుంచీ తెరిచి చూసి, నవ్వు ఆపుకోలేకపోయారు. అసలు పుస్తకాన్ని కూడా వెనకటికి ఎవరో వరస తప్పించి కట్టారట, పండితులు చాలా ఏళ్లు కూర్చుని సర్దారట. ఆ బైండరు మళ్లీ పుట్టాడని అన్నారు. ఇదే పుస్తకాన్ని, ఇలాగే, రేపు తనతో తీసుకెళతానని ఇప్పుడే కబురు పెట్టారు. అది ఆయన చేతికి అందగానే నా పర్మనెంటు ఆర్డరు మీద సంతకం పెడతానని ప్రిన్సిపాల్ చెప్పారు. జిలానికి ఇచ్చేయండి.

మీ సునీత

తా.క.: పూలు ఉండనివ్వండి. ఆయనకు అన్నిటికంటే అవే నచ్చాయి.

*

ఆదివారం

సునీత మేడమ్‌కు, తల దించుకుని బాషా రాసేది.

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. మీరు అంతగా బాధపడ్డారని, శుక్రవారం సెలవు కూడా మానుకుని ముక్కలన్నీ అతికించి, పేజీలు వరసలో పెట్టేశాను. పూలు గీకేశాను. ఒక్క తప్పు లేదు. మళ్లీ తప్పుగా కట్టమంటే నాకు రాదు మేడమ్. పోయినసారి అది తప్పని తెలిసి కట్టలేదు.

మీ బాషా

తా.క.: మధ్యాహ్నం మీరే షాపుకు రండి. తప్పు ఎక్కడెక్కడ చేయాలో పక్కన కూర్చుని చెప్పండి, సరిగ్గా చేసి ఇస్తాను.